కర్తను దాచనివ్వని సుకుమారి మేడం

మొజంజాహీ మార్కెట్ దగ్గర బండి మీది సీతాఫలాలు బాగా మాగి వాసన వేస్తుంటే చాలు, నాకు సుకుమారి మేడం గుర్తొస్తారు. ఆ వెంటనే కోపమూ వస్తుంది. ఇన్నేళ్లయినా అది చల్లారలేదు. చల్లారాలని నేనూ కోరుకోవడం లేదు.

ఆవిడది మెదక్ వైపు క్రైస్తవ కుటుంబం. పూనాలో భాషాశాస్త్రం చదివి, నాంపల్లిలో మా కాలేజీకి తెలుగు లెక్చరరుగా వచ్చారు. డిగ్రీలో తెలుగు మాధ్యమం అప్పుడప్పుడే మొదలైంది. చరిత్ర, అర్థశాస్త్రం తెలుగులో ఎలా రాయాలో మాకెవరికీ తెలియదు. పాఠ్యపుస్తకాల్లోని సమాసాలను బట్టీపట్టి దించేసేవాళ్లం. ఆవిడ సూత్రాలు వల్లె వేయించలేదు. మా వ్యాసాల్లోంచి ఒక పొడుగాటి వాక్యాన్ని బోర్డు మీద రాసి, చిట్టచివరి క్రియ కింద గీత గీసి, "ఇది వచ్చేదాంక చదివేటోడు ఎంత బరువు మొయ్యాలె?" అని అడిగేవారు. చదివేవారికి తెలిసిన సంగతి ముందు పెట్టమనేవారు, కొత్త సంగతి తర్వాత. ఒకరోజు క్లాసులోనే సీతాఫలం విప్పి, నా వ్యాసం పక్కన పెట్టారు. "నీ వాక్యంల అన్నీ గింజలే పిల్లా. గుజ్జేది?" అన్నారు. అందరితోపాటు నేనూ నవ్వాను.

మాది ఉస్మాన్‌గంజ్‌లో ధాన్యం వ్యాపారం చేసే ఇల్లు. ఎం.ఎ. ఉపకారవేతనం కోసం కాలేజీ ఒక్క విద్యార్థి వ్యాసాన్నే పంపేది. నేను మా గంజ్‌లో బస్తాలు మోసే హమాలీల గురించి రాశాను. "నడుము విరిగిన హమాలీ పని నుండి తొలగించబడినాడు" అన్న వాక్యం దగ్గర మేడం ఆగిపోయారు.

"ఎవరు తొలగించిన్రు?"

నేను ఆ వాక్యాన్ని మళ్లీ చదువుకున్నాను.

"నీకు ఎరుకేనా?"

"ఎరుకే మేడం. మా పెదనాయిన."

ఆవిడ కుర్చీ జరుపుకొని నా పక్కన కూర్చున్నారు. "చేసినోడు ఎవరో తెల్వనప్పుడు గీ 'బడు' పనికొస్తది. తెలిసి దాస్తే మాత్రం తప్పు భాషది కాదు, మనది. రాస్తవో లేదో నీ ఇష్టం. ఆ ఇంట్ల ఉండేది నువ్వు."

రాశాను. "హమాలీ నడుము విరిగిన మరునాడే మా పెదనాయన అతణ్ణి పనిలోంచి తీసేశాడు." సంగతి తెలిసి పెదనాయన నాతో మాట్లాడటం మానేశాడు. దాన్ని ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది కాలేజీలో జరిగింది.

మా శాఖాధిపతి ఆ వ్యాసాన్ని మేడం బల్ల మీదికి విసిరాడు. "ఇది వ్యాసమా, బజారు పంచాయితీయా? తీసేశాడట! తొలగించబడెను అంటే ఎంత గౌరవంగా ఉంటుంది!"

"ఎవరికి గౌరవం సార్?"

"భాషాశాస్త్రం పేరు చెప్పి పిల్లలకు మోటుతనం నేర్పుతున్నారు మీరు."

"అర్థం కాని వాక్యం ఒక్కటి చూపియ్యండి. ఇప్పుడే దిద్దిస్త."

ఆయన చూపించలేకపోయాడు. అయినా నా వ్యాసాన్ని పంపలేదు. ఆ వారమే నోటీసు బోర్డు మీద కాగితం వెలిసింది: "సుకుమారి గారు డిగ్రీ తరగతుల బోధన నుండి తప్పించబడినారు." నాకు ఒళ్లు మండిపోయింది. కలం తీసి చివరి మాట కొట్టేసి, "సుకుమారి గారిని" అని దిద్ది, "శాఖాధిపతి గారు తప్పించారు" అని రాశాను.

ప్రిన్సిపాల్ పిలిపించి క్షమాపణ రాసిమ్మన్నాడు.

"నేను రాసింది అబద్ధమా సార్?"

"అది కాదమ్మా ప్రశ్న."

"నాకు గదే ప్రశ్న సార్."

క్షమాపణ ఇవ్వలేదు. నన్ను పరీక్షలకు కూర్చోనిచ్చారు కానీ, మేడంకు క్లాసులు తిరిగి ఇవ్వలేదు. లైబ్రరీలో ఓ మూల కూర్చోబెట్టారు. మరుసటి ఏడు ఆవిడ రాజీనామా చేసి మెదక్‌లో ఒక బడికి వెళ్లిపోయారు. వీడ్కోలు సభ మాట అటుంచి, గేటు దాకా సాగనంపడానికి తోటి లెక్చరర్లలో ఒక్కరూ రాలేదు. మేము నలుగురం విద్యార్థులం రిక్షా పక్కన నడిచాం. "ఫికర్ చెయ్యకుండ్రి, గాడ గూడ పిల్లలున్నరు" అన్నారామె.

తర్వాత అప్పుచేసి ఎం.ఎ. చదివాను, నేనూ లెక్చరర్నయ్యాను. మొన్నామధ్య పాత విద్యార్థుల సభలో ఒకాయన మైకు పట్టుకుని, "అంతటి ఉపాధ్యాయురాలిని మన కాలేజీ పోగొట్టుకుంది" అని బాధపడ్డాడు. అందరూ తలలూపారు. నేను లేచి నిలబడి క్రియను సరిదిద్దాను. పోగొట్టుకోలేదు, వెళ్లగొట్టారు. వెళ్లగొట్టినవాళ్లకు పేర్లున్నాయి.