మార్సెలీనా టీచరు హాజరు

కొండచరియ విరిగిపడ్డాక ఊరి బడిని కిందికి, చర్చి పక్కనున్న వెదురు పాకలోకి మార్చారు. ఆ సంగతి హాజరు వేసే ఫోనుకి మాత్రం ఎవరూ చెప్పలేదు. అందుకని మార్సెలీనా టీచరు రోజూ సరిగ్గా బడిగంట వేళకి కొండెక్కి, పాత బడి ఉన్నచోట నిలబడి, ఫోనుకి మొహం చూపించి హాజరు వేయించుకోవాలి. అదిప్పుడు కానిస్ తాత పందుల దొడ్డి. పిల్లలు కింద పాకలో, పంతులమ్మ పైన పందుల మధ్య.

హాజరు తప్పితే ఉద్యోగం పొడిగించరు. మొగుడు పోయాక ఆవిడకి అదొక్కటే ఆధారం. బడి మారిందని పట్నం ఆఫీసుకి ఎన్నిసార్లు మొరపెట్టుకున్నా, చూస్తామనే అంటారు.

పైగా కాఫీ కోతల రోజులు. గంట కొట్టాక పంతులమ్మ కనబడకపోతే తల్లులు పిల్లల్ని కూడా తోటలకి తీసుకుపోతారు. వాళ్ళనీ తప్పుపట్టడానికి లేదు. ఇప్పటికే సగం పాక ఖాళీ.

ఆ ఉదయం ఆవిడ రొప్పుతూ దొడ్డి దగ్గరికి చేరేసరికి తాత కంచె కడుతున్నాడు. అక్కడ పంతులమ్మని ఇబూ అనీ, తాతని ఓపా అనీ పిలుస్తారు.

"వచ్చావా ఇబూ? నా పందులు నిన్ను గుర్తుపడుతున్నాయి. మీ ఆఫీసువాళ్ళే గుర్తుపట్టరు."

"నవ్వించకు ఓపా, ఊపిరాడ్డం లేదు."

"ఆ ఫోనేదో నాకిచ్చిపో. నా మొహం చూపిస్తాలే."

"నీ మీసాలు చూశాక ఉన్న ఉద్యోగం కూడా ఊడుతుంది."

"అయితే పిల్లల్నే ఇక్కడికి తోలుకురా."

"మళ్ళీ చరియ విరిగితేనో?"

తాత మళ్ళీ కంచె పని అందుకున్నాడు. ఆవిడ కిందికి చూసింది. చిన్న రెన్సీ తల్లి వెనకాల బుట్ట పట్టుకుని తోటల దారిన పోతోంది. నెలల తరబడి అక్షరాలతో కుస్తీపట్టి, నిన్ననే మొదటిసారి ఒక వాక్యం తడబడకుండా చదివిన పిల్ల. గంటకింకా కాసేపుంది. మార్సెలీనా హాజరు సంగతి వదిలేసి, ఫోను సంచిలో పడేసి దిగడం మొదలుపెట్టింది.

"ఆగవే తల్లీ, పిల్లనెక్కడికి తీసుకుపోతున్నావు?"

"గంట కొట్టేవేళకి నువ్వెప్పుడున్నావు ఇబూ? ఊరికే కూచోబెట్టే బదులు నాలుగు కాయలు కోస్తుంది."

"ఇవాళ ఉన్నానుగా. పంపు."

ఆ తల్లి పిల్ల చేతిలోంచి బుట్ట తీసుకుంది.

సాయంత్రం ఆఫీసునుంచి ఫోనొచ్చింది. "ఇవాళ బడికి రాలేదేం ఇబూ?"

"పొద్దున్నించీ బడిలోనే ఉన్నాను సార్."

"రాలేదని చూపిస్తోందే."

"అది నన్ను పందుల దొడ్డిలో వెతికి ఉంటుంది."

అవతల ఎవరో నవ్వారు. ఆవిడ నవ్వలేదు. మోకాళ్ళు నొక్కుకుంటూ గోడకి జారగిలబడింది.

"రేపు కూడా రానట్టే రాసుకోండి సార్," అంది.