రంజని కనిపెట్టబోయిన చుక్కల కుండ

మా అత్త కూతురు రంజనిని మించిన కుండలమనిషి పెరంబూరులోనే లేదు, ఒక్క కుండ కూడా చెయ్యకపోయినా. తవ్వకాల్లో దొరికిన పెంకులకు అన్ని వైపులనుంచీ తీసిన ఫొటోల్ని కంప్యూటరులో గుండ్రటి బొమ్మలుగా మారుస్తుంది. ఏ పెంకు పక్కన ఏది ఉండేదో దానిచేతే వెతికిస్తుంది. ఎప్పుడో రెండువేల ఏళ్ళ కింద పగిలిన కుండను తెరమీద అతికిస్తుంది. ఇంట్లో మాత్రం మా గోవిందమ్మత్త గాజుగ్లాసు ఆమె చేతికివ్వదు.

ఆ ఫొటోలు తీసేది నేను. ఇంజనీరింగు కాలేజీ నా తెలివిని మూడో సెమిస్టరుకు మించి తట్టుకోలేకపోయింది కాబట్టి పురావస్తు శాస్త్రానికి దక్కాను. తిరిగే పళ్ళెం మీద పెంకు పెట్టి నేను తిప్పితే, దాని మీదున్న చీమకు తిరిగినట్టే తెలియదు. ఒక చీమ నిద్ర కూడా పోయింది.

మా ఆఫీసు మైలాపూరులో ఒక పాత మేడ. నడిపేది భాష్యంగారు, రిటైరైన చరిత్ర లెక్చరరు. కిందటేడు ఒక గోనెడు పెంకులు వచ్చాయి.

"తవ్వకాలవాళ్ళు శుక్రవారం వస్తారమ్మా. కుండ నిలబెట్టావా, నీ ఉద్యోగం ఖాయం. లేదంటే పెంకులు బెంగుళూరులో వేరేవాళ్ళకు, నువ్వు మళ్ళీ చీరలకొట్టుకు" అన్నారాయన. చీరలకొట్టులో పొద్దస్తమానం బిల్లులు కొట్టిన రంజనికి ఆ మాటతోనే వేళ్ళు నొప్పెట్టాయి.

మధ్యలో ఆయుధపూజ వచ్చింది. మద్రాసులో ఆ రోజు బొట్టు తప్పించుకున్న ఇనుము ఉండదు. వ్యాసర్పాడి యార్డులో ఒక గూడ్సుబండి బొట్టు పెట్టేదాకా కదలనని మొరాయించడం నా కళ్ళతో చూశాను. రంజని కంప్యూటరుకు, మౌసుకు, పళ్ళేనికి గంధం కుంకుమ పెట్టింది. కెమెరా లెన్సును నేను ప్రాణాలొడ్డి కాపాడాను. తరవాత తను, ఇంకా ఫొటోలు తియ్యని పెంకుల ముందు నిలబడింది.

"వాటికెందుకే?"

"మనకు కూడు పెట్టేది అవే గదా బావా."

అన్నిటికీ పెట్టేసింది. బొరుగులు, సుండలనే శనగ గుగ్గిళ్ళు తిన్నాం. మర్నాడు గుడ్డతో తుడిచింది. పైది పోయింది గానీ మట్టిపెంకు కుంకుమ తాగేసింది. కంటికి ఆననిది కూడా నా కెమెరా వదలదు.

మా ప్రోగ్రాము ఆకారాన్నీ రంగునూ కలిపి చూస్తుంది. ఎర్ర మరక ఉన్న పెంకులన్నీ చుట్టాలనుకుని వరసగా కట్టేసింది. తెరమీద కుండ లేచింది. మూతి ఒక పక్కకు వాలింది, పొట్ట చుట్టూ ఎర్రచుక్కలు.

భాష్యంగారు కుర్చీలోంచి లేచిపోయారు. "చుక్కల పట్టీ! ఈ చుట్టుపక్కల ఎక్కడా దొరకలేదమ్మా! చుక్కల కుండ సంస్కృతి! పేరు కూడా పెట్టేశాను!"

"మూతి వంకర పోయింది సార్."

"కొత్త సంస్కృతి. దాని ఇష్టం."

ఆయన లాప్‌టాపు చంకన పెట్టుకుని, ఫోను తీసుకుని వసారాలోకి పరిగెత్తారు. రంజని ఒక చుక్కను పెద్దది చేసింది. అందులో వేలిముద్ర గీతలున్నాయి. తన ఉంగరపు వేలు ఎత్తి పక్కన పెట్టి చూసుకుంది.

"బావా, ఇది నా వేలు."

"నోరు మూసుకో. ఉద్యోగం ఖాయం. ఒక సంస్కృతికే తల్లివైనావు, ఇంకేం కావాల?"

"రేపు ఎవరో ఈ చుక్కల మీద పరీక్ష రాయాల గదా?"

"రాయనీ. నన్ను ఫెయిలు చేసిన పరీక్షల్లో ఇంతకన్నా నిజాలు ఉన్నాయా ఏంది?"

నా మాట వినివుంటే ఈపాటికి పాఠ్యపుస్తకంలో ఉండేది. వినలేదు. పెంకు పట్టుకుని వసారాలోకి పోయింది.

"సార్, అది సంస్కృతి గాదు. ఆయుధపూజ. బొట్లు పెట్టింది నేనే."

భాష్యంగారి మొహం ఉతికిన చొక్కాలా తెల్లబడి, తరవాత కుండకన్నా ఎర్రబడింది. "పెంకులకు బొట్టేమిటమ్మా? ఇది శాస్త్రం! బుద్ధున్నవాళ్ళెవరైనా..."

రంజని ఆయన చంకలోని లాప్‌టాపు వైపు చూసింది. సాయంగా నేనూ చూశాను. దాని మూత మీద గంధం, కుంకుమ, ఎండిపోయిన చామంతి రేకు.

"ఇది... కొత్తగా కొన్నది" అన్నారాయన, గొంతు తగ్గించి.

"రంగు చూడొద్దని ప్రోగ్రాముకు చెప్తా సార్. అంచులు మాత్రం పోల్చమంటా. శుక్రవారానికి నిలబెడతా. నిలబడలేదా, బెంగుళూరుకు పార్సిలు నేనే కడతా."

శుక్రవారానికి కుండ నిలబడింది. మూతి తిన్నగా ఉంది. పొట్టకు ఒక చిల్లు. ఏ సింగారమూ లేదు, మా అత్త చింతపండు దాచే కుండలా ఉంది. తవ్వకాల పెద్ద ఏకాంబరంగారు చుట్టూ తిప్పించి చూశారు.

"ఫోనులో ఏవో చుక్కలన్నారే?"

భాష్యంగారు సీలింగు ఫ్యానును పరిశోధించసాగారు. రంజనే చెప్పింది, వేలు కూడా చూపించి. ఏకాంబరంగారు కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వి, "ఇంకో రెండు గోనెలున్నాయి, పంపిస్తాను. ఈ అమ్మాయే చెయ్యాలి. కుంకుమ లేకుండా" అన్నారు.

ఈ ఏడు ఆయుధపూజకు ముందే భాష్యంగారు పెంకుల గది తలుపుకు కాగితం అంటించారు: లోపల దేనికీ బొట్టు పెట్టరాదు.

రంజని లోపల దేనికీ పెట్టలేదు. ఆ కాగితానికి పెట్టింది.