నెమ్ము లేని ఊరు

ఎండుమిరపకాయను చెవి దగ్గర పెట్టుకుని ఊపితే లోపల గింజలు గలగలమనాలి. అట్లా మోగితే కాయ బాగా ఆరినట్టు. చప్పుడు రాకపోతే నెమ్ము ఉన్నట్టు. ఖమ్మం మిర్చి యార్డులో ఒక్క సీజను పనిచేసిన వాళ్లకైనా ఈ సంగతి తెలుసు. మా అత్తమ్మ అక్కడ ఇరవై ఏళ్లు కూర్చుని తొడిమలు తీసింది. అందుకని ఒక ఊరి గాలి ఎట్లాంటిదో తేల్చడానికి కూడా ఆమెకు ఒక్క మిరపకాయ చాలు. థర్మామీటరు అనేది జ్వరం వచ్చినప్పుడు చంకలో పెట్టుకునేది, అంతే.

మా భాషలో ఒక చిక్కుంది. కాయలో తడి ఉంటే నెమ్ము. గోడ చెమ్మగిల్లితే నెమ్ము. మనిషి ఛాతీలో కఫం గడ్డకడితే అదీ నెమ్మే. ఇరవై ఏళ్ల మిరప ఘాటు అత్తమ్మ ఊపిరితిత్తుల్లో చేరి, మేడ మెట్లు ఎక్కితే చాలు లోపలి నుంచి సన్నగా ఈల వినపడేది. దవాఖానాలో డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకు పట్టి చూసి, "నెమ్ము గాలి మీకు అస్సలు పడదమ్మా. పొడిగా ఉండేచోటే ఉండాలి" అన్నాడు. బయటికి వచ్చాక అత్తమ్మ చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంటూ నాతో అంది: "నెమ్ము సంగతి నాకు చెప్తడా గాయన?"

సరిగ్గా ఆ నెలలోనే నాకు ప్రమోషన్ వచ్చింది. గోరుచుట్టు మీద రోకటి పోటంటారే, అట్లా. ఆర్డరులో రెండు ఊళ్లు రాశారు: విశాఖపట్నం, చెన్నై. రెండింటిలో ఒకటి ఎంచుకోవాలి. ముందు రెండు చోట్లా పదేసి రోజులు ట్రైనింగ్ ఉంటుంది, అది ముగిసేలోగా ఫారం నింపి ఇవ్వాలి. దేశంలో ఇన్ని ఊళ్లున్నాయి, పొడిగా పెళపెళలాడే ఊళ్లు ఎన్నో ఉన్నాయి. మా ఆఫీసుకు మాత్రం సముద్రంలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న ఊళ్లే కనపడ్డాయి.

మా ఆయన బస్సు డ్రైవరు. ఖమ్మం నుంచి భద్రాచలం, భద్రాచలం నుంచి ఖమ్మం. డిపో వదిలి రావడం ఆయనకు కుదరదు. పాపకు పదకొండు నెలలు. అత్తమ్మ నాతో వస్తేనే నేను ఉద్యోగానికి పోగలను. ఆమె రావాలంటే అక్కడ ఆమెకు ఊపిరి ఆడాలి. ఇందులో లెక్క కట్టడానికి ఏమీ లేదు. వద్దని రాసిచ్చేస్తానని అన్నాను.

అత్తమ్మకు కోపం వచ్చింది. "ఇందుకేనా నిన్ను సదివిచ్చింది?" అంది. ఆ మాట ఆమె ఊరికే అనలేదు. పెళ్లినాటికి నాది ఇంటర్. తర్వాత డిగ్రీ అయినా, పరీక్షలు రాసినా ఆమె వల్లే. తెల్లవారుజామున నా భుజం పట్టి ఊపి లేపేది. నేను చదువుతుంటే పక్కన కూర్చుని చేటలో పప్పు ఏరుకునేది. ఆమెకు అక్షరం ముక్క రాదు, కానీ నేను కునుకు తీస్తే మాత్రం పేజీ తిరగలేదని వెంటనే తెలిసిపోయేది. భద్రాచలం రోడ్డులో అడవి అంచున పుట్టి, ఇప్పపువ్వు ఏరి ఎండబెట్టి పెరిగిన మనిషి. ఎండబెట్టడం తప్ప తనకు ఇంకో చదువు రాదని తనే అనేది.

"రెండు ఊర్లు నేను సూస్తా. యాడ నెమ్ము తక్కువుంటే ఆడికి పోదాం" అంది చివరికి.

"ఫోన్ల కొడితే తెలుస్తది గదమ్మా" అని మా ఆయన ఫోను తీశాడు. రెండు ఊళ్లకూ గాలిలో తేమ దాదాపు ఒకటే చూపించింది. ఆయన ఆ ఫోనును తల్లి ముందుకు జరిపాడు.

"ఫోను ఎన్నడన్న దగ్గిందారా?" అంది ఆమె.

మా ఆయన ఫోను జేబులో పెట్టుకున్నాడు. అత్తమ్మ మేడ మీద ఆరిన కాయల్లోంచి ఒక్కొక్కటి చెవి దగ్గర ఊపి, పన్నెండు ఏరి, బిగుతు మూత ఉన్న స్టీలు డబ్బాలో పెట్టింది. పాప పాలడబ్బా కన్నా ఆ డబ్బానే జాగ్రత్తగా మోసింది.

మొదట వైజాగ్. ఊరు అందమైనది, అందులో వాదన లేదు. కొండ ఉంది, కొండ కింద సముద్రం ఉంది, రెండింటి మధ్య మా గెస్ట్‌హౌస్ ఉంది. పొద్దున ఏడింటికే చెమట మొదలయ్యేది. ఖమ్మంలో నలభై అయిదు డిగ్రీల ఎండలో చెమట పట్టినట్టే తెలియదు, పట్టింది పట్టినట్టే ఆరిపోయి జాకెట్టు మీద ఉప్పు చారలు మిగులుతాయి. వైజాగ్‌లో పట్టిన చెమట చుట్టం లాగా కూర్చుంటుంది, పొమ్మన్నా పోదు. ఉతికిన చీర సాయంత్రానికి కూడా చల్లగా బరువుగా వేలాడేది. అప్పడం వేయించి పళ్లెంలో పెట్టి, చేయి కడుక్కుని వచ్చేలోపు అది మెత్తబడేది. ఒక సాయంత్రం ఉరిమి నాలుగు చినుకులు పడ్డాయి. అందరూ చల్లబడిందన్నారు. నాకు ఆవిరి పట్టినట్టు అనిపించింది.

గెస్ట్‌హౌస్‌లో వంట చేసే ఆవిడ మా అవస్థ చూసి, "ఈ ఏడే ఇలగుందండీ. ఏ ఏడూ ఇంత ఉక్క ఉండదు" అంది. కూరగాయలమ్మే ఆవిడ అదే అంది. మా ట్రైనింగ్ ఆఫీసరూ అదే అన్నాడు.

అత్తమ్మ కిటికీ ఊచకు దారం కట్టి ఒక కాయను వేలాడదీసింది. మొదటి రోజు మోగింది. రెండో రోజు గొణిగింది. మూడో రోజు చెవి దగ్గర ఎంత ఊపినా పలకలేదు. వేలితో నొక్కితే తోలులా వంగింది. "మూగదైంది" అంది అత్తమ్మ. నాలుగో రోజు నుంచి ఆమె కూడా పెద్దగా మాట్లాడలేదు. దగ్గుతూ మాట్లాడటం కష్టం కదా.

తర్వాత చెన్నై. ఈ రెండు ఊళ్లను పోల్చి చూడమంటే నేను ఇప్పటికీ చెప్పగలను. వైజాగ్‌లో రోజంతా ఒకే రకం ఉక్క. చెన్నైలో మధ్యాహ్నం దాకా ఒక ఊరు, ఆ తర్వాత ఇంకో ఊరు. పొద్దుటి నుంచి ఎండ మన ఖమ్మం ఎండకు చెల్లెలిలా మాడ్చి పెడుతుంది. భోజనాల వేళ దాటాక సముద్రం వైపు నుంచి గాలి తిరుగుతుంది. ఆ గాలి ఒక గంట ఆలస్యమైతే ఊరంతా చిరాకు పడుతుంది, ఆటోవాడు కిరాయి మాట్లాడకుండానే పోట్లాడతాడు. వైజాగ్‌కు వానలు మనతోపాటే మొదలవుతాయి. చెన్నైకి మనం వానాకాలం మరిచిపోయి దీపావళి చేసుకునే రోజుల్లో మొదలవుతాయి. ఉప్పు ముద్దకట్టడంలో, అగ్గిపుల్ల గీస్తే అంటుకోకపోవడంలో మాత్రం రెండూ ఒక తల్లి పిల్లలే.

గెస్ట్‌హౌస్ వాచ్‌మన్‌ది నెల్లూరు వైపు. తెలుగు వినపడగానే సంతోషపడి, "ఈ సంవత్సరమే ఇట్టా ఉండాదమ్మా" అన్నాడు. నేను తల ఊపాను. అప్పటికి నాకు అలవాటైపోయింది.

చెన్నైలో ఆఫీసు పక్కనే క్వార్టర్ ఇస్తారని మొదటి రోజే తెలిసింది. రెండు గదులు, వంటిల్లు, పాపను మధ్యాహ్నం వచ్చి చూసుకోవచ్చు. వైజాగ్‌లో ఆ వసతి లేదు. రాత్రి మా ఆయనకు ఫోనులో ఇదంతా చెప్పాను. కొంచెం ఎక్కువ సంతోషంగానే చెప్పినట్టున్నాను. అత్తమ్మ పాపను జోకొడుతూ పక్కనే ఉంది.

మర్నాడు పొద్దున కిటికీకి కట్టిన కాయను నా చెవి దగ్గర ఊపి, "మోగుతాంది బిడ్డా" అంది. అది రెండో రోజు. మూడో రోజు వైజాగ్ కాయ మూగబోయిన సంగతి గుర్తొచ్చి నేను భయపడుతూ చెవి పెట్టాను. గలగలమంది. అయిదో రోజు, ఆరో రోజు, ఎనిమిదో రోజు, అదే మోత. నాకు ఎగిరి గంతేయాలనిపించింది. సముద్రం ఒడ్డున కూడా నెమ్ము లేని ఊరు ఒకటుంది, అది మా ఆఫీసుకు దొరికింది, మా అత్తమ్మ కనిపెట్టింది. ఫారంలో చెన్నై అని రాసి సంతకం చేసి బ్యాగులో పెట్టుకున్నాను. ఇవ్వడమే మిగిలింది.

ఆమె దగ్గు మాత్రం పోలేదు. అడిగితే, వంటింట్లో ఎవరో పోపు పెడుతున్నారని అనేది. అదీ నిజమే అనుకున్నాను, ఎందుకంటే రోజూ తెల్లవారుజామున వేయించిన మిరపకాయ వాసన వచ్చేది. వంటవాళ్లు పచ్చడి నూరుతున్నారు కాబోలు అనుకున్నాను. పదిరోజుల్లో ఒక్కసారి కూడా పళ్లెంలోకి పచ్చడి రాలేదు. ఆ సంగతి నాకు తట్టలేదు, ప్రమోషన్ వచ్చిన మనిషికి కొన్ని తట్టవు.

పదో రోజు తెల్లవారకముందే పాప ఏడిస్తే పాలు వేడి చేద్దామని లేచాను. పక్క మీద అత్తమ్మ లేదు. వంటింట్లో లైటు వెలుగుతోంది. పొయ్యి మీద పెనం, పెనం మీద ఒకే ఒక్క మిరపకాయ. అత్తమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, వంగి, వేలితో దాన్ని అటూ ఇటూ దొర్లిస్తోంది. మాడితే రంగు మారి దొరికిపోతుంది కదా, సన్నని సెగ మీద, ఓపికగా. ఘాటుకు దగ్గు తన్నుకొస్తుంటే, వినపడకుండా కొంగును నోట్లో కుక్కుకుంది. ఆమె ఛాతీలో ఈల గుమ్మం దాకా వినపడింది.

నేను లోపలికి పోలేదు. వెనక్కి వచ్చి పాపను ఎత్తుకుని పడుకున్నాను. కోపం వచ్చింది. ఇరవై ఏళ్ల ఘాటుకు తోడు ఇంకో పదిరోజుల ఘాటు పీల్చింది, ఆ డాక్టరు వింటే ఏమంటాడు! ఆమె మీద కోపం, నా మీద కోపం. ప్రమోషన్ పోతున్నందుకు కాదని గొప్పగా చెప్పను, అందుకు కూడా వచ్చింది. ఏడుపు కూడా వచ్చింది, పాప తన ఏడుపు ఆపి నన్ను చూసింది.

తెల్లారాక అత్తమ్మ వచ్చి భుజం పట్టి ఊపింది, పరీక్షల రోజుల్లో లాగానే. "లే బిడ్డా. ఆఖరి రోజు గూడ మోగుతాంది సూడు."

కాయ నా చెవికి తగిలింది. వెచ్చగా ఉంది. కిటికీలోకి ఎండ ఇంకా రాలేదు.

"అవ్ అత్తమ్మా. మోగుతాంది" అన్నాను.

ఆఫీసుకు పోయి కొత్త ఫారం అడిగి తీసుకున్నాను. ప్రమోషన్ వద్దని, ఖమ్మంలో ఉన్న పనిలోనే ఉంటానని రాసిచ్చాను. ట్రైనింగ్ ఆఫీసరు కారణం అడిగాడు. వాతావరణం అన్నాను. "ఈ సంవత్సరమే ఇట్లా ఉందండీ" అన్నాడు ఆయన.

రైల్లో అత్తమ్మకు చెప్పాను, చెన్నైలో పోస్టు వేరేవాళ్లతో నిండిపోయిందట అని. వైజాగ్‌ది కూడానట అని. ఆమె నా ముఖం చూసి, "అట్లనా" అని, ఒళ్లోని స్టీలు డబ్బా మూత ఇంకోసారి బిగించింది. విజయవాడ దాటాక ఆమె ఛాతీలో ఈల కొంచెం తగ్గినట్టనిపించింది. నాకు అట్లా వినపడిందో, నిజంగా తగ్గిందో తెలియదు. ఖమ్మంలో దిగేసరికి వడగాడ్పు ముఖాన కొట్టింది. రోహిణిలో రోళ్లు పగులుతాయంటారు. ప్లాట్‌ఫారం మీద జనం తిట్టుకుంటూ నడుస్తున్నారు. అత్తమ్మ ఆగి, గట్టిగా, నిండుగా ఒక ఊపిరి పీల్చింది.

వచ్చిన రెండో రోజు సాయంత్రం నేను మేడ మీద బట్టలు తీస్తున్నాను. అత్తమ్మ మెట్లెక్కి వచ్చింది, నడుమ ఒక్కసారే ఆగింది. పిట్టగోడ మీద ఆరబెట్టిన ఒక మిరపకాయను తీసి నా చేతిలో పెట్టింది. వైజాగ్‌లో మూగబోయింది అదే. ఊపాను. గలగలమంది.

"ఎచ్చగున్నదా?" అని అడిగింది.

"అవ్."

"ఇది ఎండ ఎచ్చన. పెనం ఎచ్చన గాదు" అంది, దండెం మీది పాప లాగు తీసి మడత పెడుతూ. "మరి పోస్టు నిండిందన్నవ్ గద బిడ్డా, గది ఏం ఎచ్చన?"

పాప లేచినట్టుందని చెప్పి కిందికి వచ్చేశాను. పాప నిద్రపోతూనే ఉంది.