పెన్సిల్‌తో వేసిన పడవ

ఫ్రాన్సుతో యుద్ధం ముగిసిన మరుసటి ఏడు, మార్చి గాలివానలో చేపల వేటకు పోయిన పాస్కో పడవ తిరిగి రాలేదు. శవం కూడా దొరకలేదు. అతని భార్య లవ్‌డే ట్రెగియర్ ఏడుస్తుందని కార్న్‌వాల్ తీరంలోని ఆ చిన్న రేవు ఊరంతా ఎదురుచూసింది. లవ్‌డే మర్నాడే చిరిగిన వల ముందేసుకుని కూర్చుంది. అందరూ తలో మాటా అన్నారు. ఆమె కాదనలేదు. లోపల తడుముకుంటే నిజంగానే ఏమీ తగల్లేదు.

జూలైలో లండన్ నుంచి హార్లండ్ అనే చిత్రకారుడు వచ్చి, ఆమె అత్త గ్రేస్ ఇంట్లో మేడగది అద్దెకు తీసుకున్నాడు. తీరం వెంబడి ఊళ్లన్నీ గీసి పుస్తకం వేస్తారట. రోజూ కొండవాలున కూర్చుని చర్చి గోపురం, రాతిగోడలు, ఒడ్డున బోర్లించిన పడవలు గీసేవాడు. లవ్‌డేను వలతో రేవుమెట్ల మీద కూర్చోమన్నాడు. ఎండ మొహాన కొడుతున్నా ఆమె కదల్లేదు.

"నీ అంత కుదురుగా కూర్చున్నవాళ్లను నేను చూళ్లేదమ్మా."

"లేవమని మీరు చెప్పలేదు కదండీ."

బొమ్మ పూర్తయ్యాక వంటింటి బల్ల మీద పరిచాడు. గ్రేస్ వంగి చూసింది. బొమ్మలో తెరచాపతో ఒక పడవ ఒడ్డుకు వస్తోంది.

"ఇదెవరిది బాబూ?"

"ఎవరిదీ కాదు. నీళ్లు బోసిగా ఉన్నాయని వేశాను."

"అయితే మావాడిదే అనుకో. లోపల వాణ్ణి కూడా వెయ్యి. పొడుగ్గా ఉంటాడు. కాస్త వంగి నిలబడతాడు."

హార్లండ్ లవ్‌డే వంక చూశాడు. ఆమె రొట్టె కోస్తోంది. అతను పెన్సిల్ చెక్కి, తెరచాప పక్కన చిన్న గీత పెట్టాడు. ముసలామె దాని మీద వేలు ఆనించబోయి, చెరిగిపోతుందని ఆగింది. తర్వాత కూలబడి ఏడ్చింది.

"నువ్వూ చూడవే. వస్తున్నాడు."

"చూశానత్తా."

"ఏమీ అనిపించట్లేదా నీకు?"

"లేదత్తా. అనిపిస్తే నీకే చెప్తాను. ఇంకెవరికి చెప్పుకుంటాను?"

గ్రేస్ ఆమె చేతుల వంక చూసింది. కోడలు ముగ్గురికి సరిపడా ఎప్పుడో కోసింది. అయినా కత్తి ఆగలేదు, రొట్టె మొత్తం ముక్కలైంది. గ్రేస్ లేచి ఆ కత్తిని మెల్లగా తీసి పక్కన పెట్టింది.

వారం తర్వాత హార్లండ్ బొమ్మ చుట్టుకుని వెళ్లిపోయాడు. ఆగస్టులో చేపల గుంపు వచ్చిందని కొండ మీద కాపలా ఉన్నవాడి కేక పడింది. ఊరంతా రేవుకు పరుగెత్తింది. అత్తాకోడళ్లు పక్కపక్కనే నిలబడి చేపలకు ఉప్పు పట్టించి పీపాలో పేర్చారు. ఆ ఏడు లవ్‌డే ఏడవలేదు. ఆ పై ఏడూ ఏడవలేదు. గ్రేస్ మళ్లీ ఆ సంగతి అడగలేదు, ఇంకొకర్ని అడగనివ్వలేదు.