రెండో శంఖం వేళకి

మకెరిటా కన్నెర్రజేస్తే చెట్టుమీది సీమపనసకాయలు పండకుండానే రాలిపోతాయని ఊళ్లో చెప్పుకుంటారు. కాయలు రాలడం అబద్ధమైతే కావచ్చు గాని, ఆవిడ కోడలు లొసా గుండె జారడం మాత్రం పచ్చినిజం. ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి, భోజనాలయ్యాక, మకెరిటా కన్ను ఎర్రజేయలేదు. మామూలుగానే చెప్పింది. అందుకే లొసాకి మరీ భయమేసింది.

"ముగ్గురు పిల్లల్నీ సాకడం నీ వల్ల కావడం లేదు గదమ్మాయ్. రెండోది లూపేని సియేని పెంచుకుంటుంది. శనివారం లాంచీకి వస్తోంది."

సియేని మకెరిటా పెద్దకూతురు. అవతలి దీవిలో, పట్నంలో ఉంటుంది. పిల్లల్లేరు. అక్క తమ్ముడి బిడ్డని అడగడం ఆ ఊళ్లో తప్పు కాదు. ఇవ్వననడమే మర్యాద కాదు. లొసా మొగుడు విలి లాంచీ మీద తాళ్లు కట్టే పని చేస్తాడు, వారానికో రోజు ఇంటికొస్తాడు. వాణ్ణడిగితే అమ్మ ఎలా అంటే అలా అనేసి గుర్రుపెట్టాడు.

తన వల్ల అవుతుందని లొసా సన్నగా అంది.

"ఎప్పుడయిందమ్మా? పొద్దుటి గిన్నెలు మధ్యాహ్నం తోముతావు, ఇవాళ్టి బట్టలు ఎల్లుండి ఉతుకుతావు. పెద్దాడికి చొక్కా తిరగేసి తొడిగి చర్చికి పంపిన ఇల్లాలివి."

కాసేపు చాప అల్లుకుని, ఆవిడే ఒక పందెం పెట్టింది. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఇల్లు లొసాదే. తను చెయ్యి కదపదు. రోజూ రెండో శంఖం వేళకి ముగ్గురు పిల్లలూ స్నానాలు చేసి, చాపమీద బుద్ధిగా కూర్చుని ఉండాలి. ఒక్కరోజు తప్పినా, ఒక్కసారి తనని సాయం పిలిచినా, లూపే బట్టలు సర్దాల్సిందే.

సాయంత్రం ఆ ఊళ్లో శంఖం మూడుసార్లు ఊదుతారు. మొదటిసారికి ఎక్కడివాళ్లక్కడ పనులాపి ఇల్లు చేరాలి. రెండోసారికి ఇంటింటా ప్రార్థన మొదలు. ఇక మూడో శంఖం దాకా గడప దాటకూడదు. దారి పొడుగునా కుర్రాళ్లు నిలబడి చూస్తుంటారు. ఎవరైనా బయట కనబడితే మర్నాడు ఆ ఇల్లంతా ఊరిపెద్దల ముందు తల వంచుకుని కూర్చోవాలి.

అసలు గడపంటూ ఉంటే గదా! అక్కడి ఇళ్లకి స్తంభాలే గాని గోడలుండవు. గోడలున్న ఇంట్లో పిల్లాడు పారిపోవడానికి ఒకటే గుమ్మం. మకెరిటా ఇంటికి పద్దెనిమిది స్తంభాలు, పద్దెనిమిది గుమ్మాలు. దానికి తోడు మనిషి నడుమెత్తు రాతి అరుగు. పీటాకి ఆరేళ్లు, లూపేకి నాలుగు. టోవాకి ఏడాదిన్నర; పాకడం నేర్వకుండానే పరుగు నేర్చి, తుపాను గాలిని కూడా వెనక వదిలేసిన ఘనుడు.

సోమవారం కోడికన్నా ముందే లొసా లేచింది. వాకిట రాలిన ఆకులూడ్చింది. పీటాని బడికి తోలింది. బడిగంట వినబడేసరికి బట్టలు, రొట్టెలబండి వచ్చేసరికి గిన్నెలు, చంటాడు నిద్రపోయినప్పుడు చేమదుంపలు. ఏ పనికి ఏ చప్పుడో మనసులో ముడివేసుకుంది. నాలుగున్నరకి పిల్లల్ని తీసుకుని సముద్రపుటొడ్డున, పోటుకి మునిగి నీళ్లు తగ్గాక తేలే మంచినీళ్ల ఊటకి వెళ్లింది. వానల్లేక పైపుల్లో వంటకి సరిపడా మాత్రమే వస్తున్నాయి. ముగ్గురికీ స్నానాలయ్యాయి. రెండో శంఖానికి వరసగా కూర్చున్నారు. మకెరిటా స్తంభానికి ఆనుకుని కళ్లు మూసుకుంది.

మంగళవారం ఊట అప్పుడప్పుడే బయటపడుతోంది. బుధవారం అదే వేళకి వెళితే ఊట మీద ఇంకా ఉప్పునీరు ఆడుతోంది. లొసాది కొండమీది ఊరు. పెళ్లయిన ఏడేళ్లలో పిల్లల స్నానాలు అత్తగారివే కాబట్టి, పాటు వచ్చి, అంటే సముద్రం తగ్గి, ఊట తేలడం రోజుకి ముప్పావుగంట ఆలస్యమవుతుందన్న సంగతి ఆమె ఎప్పుడూ లెక్కెయ్యలేదు. పక్కింటి ఫిపే బట్టల మూటమీద కూర్చుని నవ్వింది.

"సముద్రం బడిగంట విని రాదే కొండపిల్లా."

లొసాకి నవ్వు రాలేదు. నీళ్లు తగ్గేదాకా కాచుకుని, ఆ పూట ఎలాగో వేళకి ఇల్లు చేరింది. సముద్రం వేళ రోజూ జరుగుతోంది, శంఖం వేళ జరగదు. గురువారం నీళ్లు తగ్గేదాకా ఒడ్డున నిలబడి, ముగ్గురిమీదా గబగబా నాలుగు చెంబులు పోసి, ఒకణ్ణి చంకలో, ఒకదాన్ని వీపున, ఒకణ్ణి చేత్తో లాక్కుంటూ పరుగెత్తింది. చాపమీద కూలబడడం, రెండో శంఖం మోగడం ఒక్కసారే అయ్యాయి. ప్రార్థనలో ఆమె దేవుణ్ణి ఏమీ అడగలేదు. రేపు ఊట ఎన్నింటికి తేలుతుందో వేళ్లమీద లెక్కేసింది. శంఖం తర్వాతే.

శుక్రవారం పొద్దున్నే, ఊట తేలి ఉన్నప్పుడే, రెండు బకెట్లు నింపి తెచ్చి ఇంటి వెనక నీడలో పెట్టింది. ఆ మాత్రం తెలివి సోమవారమే ఎందుకు రాలేదని తనని తనే తిట్టుకుంది. మధ్యాహ్నం దాకా పదిసార్లు వెళ్లి చూసుకుంది. పదకొండోసారి వెళ్లేసరికి ఫిపేవాళ్ల ఆడపంది, తొమ్మిది పిల్లలతో సహా, ఆ బురదలో రాణిలా పడుకుని ఉంది. బకెట్లు బోర్లాపడి ఉన్నాయి.

మకెరిటా చాప అల్లుతూనే ఉంది. తల కూడా ఎత్తలేదు.

మొదటి శంఖం మోగింది. లొసా టీ కెటిల్‌లో మిగిలిన నీళ్లతో గుడ్డ తడిపి పిల్లల్ని తుడిచింది. తుడిచిన చోటల్లా మట్టి చారలు కట్టింది. కొబ్బరినూనె సీసా అందుకుని తలనుంచి కాళ్లదాకా పట్టించింది. సూర్యుడు వాళ్లని చూసి సిగ్గుపడి దిగిపోయాడేమో అన్నంతగా మెరిశారు ముగ్గురూ. చాపమీద కూర్చోబెట్టింది. రెండో శంఖం మోగింది. బయట దారిలో కుర్రాళ్ల అడుగులు ఆగాయి.

పీటా వాక్యం చదవడం మొదలెట్టాడు. లూపే తల్లి మోకాలికి అతుక్కుంది. టోవా ఒళ్లో ఒకసారి మెలి తిరిగాడు. నూనె పట్టించిన బిడ్డని పట్టుకోవడం కన్నా చేతుల్తో చేపని పట్టడం నయం. సర్రున జారి, కిలకిలా నవ్వుతూ, సముద్రంవైపు స్తంభాల మధ్యకి పరుగెత్తాడు. అటు అరుగు కింద అన్నీ పదునైన రాళ్లే. లొసా లేచి ఉరికినా అందడు. అత్తగారి స్తంభం మాత్రం వాడికి మూరెడు దూరంలో ఉంది.

నోరు తెరిస్తే లూపే పోతుంది. తెరవకపోతే వీడు.

"అత్తయ్యా, పట్టుకో!"

మకెరిటా రెండు చేతులూ చాచింది. కాలు జారిపోయింది, భుజం జారిపోయింది, చివరికి నడుముగుడ్డ దొరికింది. వాణ్ణి లాగి ఒళ్లో కుదేసుకుని, గుక్క తిప్పుకుని, పీటావైపు చూసి కానిమ్మని తల ఊపింది. మూడో శంఖం దాకా ప్రార్థన సాగింది.

తెల్లారి లొసా లూపే బట్టలు ఒక్కొక్కటే మడతపెట్టి ఆకుసంచిలో సర్దింది. సియేని వచ్చింది, పట్నం గౌను తెచ్చింది. లూపేకి తొడిగి, ముందూ వెనకా తిప్పి చూసి, మురిసిపోయింది.

"పిల్ల నీతో రాదు" అంది మకెరిటా, టోవా నెత్తిన నీళ్లు పోస్తూ.

సియేని తెల్లబోయింది. మాటిచ్చావు గదమ్మా అంది. ఇల్లు చక్కబెట్టుకోవడం చేతకాదని నువ్వేగా అన్నావు అని కూడా అంది.

"నాలుగు రోజులు నా చెయ్యి అక్కర్లేకుండా చేసింది. ఐదోరోజు, లూపే పోతుందని తెలిసీ, వీడి కోసం నన్ను పిలిచింది. నేనైతే పిలిచేదాన్ని కాదు. నా పొగరు నాకు తెలుసు." కోడలివైపు తిరిగింది. "సోమవారం నుంచి చంటాడి స్నానం నాది. పాటు ఎప్పుడొస్తుందో నేను చెబుతాను, నువ్వు లెక్కెయ్యకు. మిగతాది నీ ఇష్టం."

లొసా సరే అత్తయ్యా అంది గాని, ఆకుసంచిలో బట్టలు తియ్యలేదు. భోజనాలు పెట్టింది, వదినగారికి చేపలు మూటకట్టి ఇచ్చింది, మధ్యమధ్య ముగ్గురు పిల్లల్నీ లెక్కపెట్టుకుంది. సియేని ఎక్కిన లాంచీ కూత వేసి, రేవు వదిలి, చుక్కంత అయ్యాక మరోసారి లెక్కపెట్టింది. అప్పుడు వెళ్లి సంచి విప్పింది.