టేపులో పడ్డ దగ్గు

"ఏమే, బయటికెళ్ళి దగ్గు. టేపులో పడుద్ది."

"పడితే పడనీవయ్యా! ఈ ఇంట్లో నేనొకదాన్ని ఉన్నానని నలుగురికీ తెలుసుద్ది."

మా ఆయన రత్నానికీ నాకూ మధ్య జరిగిన ఆఖరి మాటలు అవే. నేను అలిగి బయటికెళ్ళి అటు తిరిగి కూర్చున్నాను. ఆయన గిటారు భుజాన వేసుకుని గుంటూరు బస్సెక్కాడు. వెళ్ళొస్తానని చెప్పలేదు. నేనూ తలెత్తలేదు.

దెయ్యాలంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. సమాధుల పక్క చేలో ఒంటరిగా పత్తి తీసినదాన్ని. సంతకం తప్ప రాయడం రాదు, అందుకే మా చెల్లెలు కరుణతో రాయిస్తున్నాను. కల్పించడం అసలే రాదు.

అవి ఎనభైల నాటి రోజులు. మాది పర్చూరు దగ్గర పల్లె. మా ఆయన ఆదివారం చర్చిలో గిటారు వాయించేవాడు. పెళ్ళిళ్ళ రోజుల్లో ఆర్కెస్ట్రాకు పోయేవాడు. నాటకాలవాళ్ళు పిలిస్తే అక్కడికీ పోయేవాడు. ఒక్క పనినే పట్టుకుంటే గిటారు అటకెక్కుద్ది అనేవాడు. తర్వాత తనే బాణీలు కట్టి, పాడేవాళ్ళను కూడగట్టి, భక్తి పాటల క్యాసెట్లు చేయడం మొదలుపెట్టాడు.

ఉన్న రెండు గదుల్లో ఒకటి దానికే పోయింది. పాట మారుమోగకుండా గోడల నిండా పత్తి కూరిన గోతాలు వేలాడదీశాడు. ఆ పత్తి ఏరింది నేను. ఆ గదిలోకి రానివ్వంది నన్నే.

నేను మిరపకాయల తొడిమలు తీసే కూలికి పోయేదాన్ని. ఆ ఘాటుకి దగ్గు పట్టుకుంది. రెండు పొడి దగ్గులు, కాస్త ఆగి ఒక పెద్ద దగ్గు. వీధిలో ఎవరు విన్నా నేనేనని గుర్తుపట్టేవాళ్ళు. టేపు తిరిగినంతసేపూ నన్ను బయటే ఉంచేవాడు. పాట విన్నవాళ్ళంతా ఆయన చేతిని మెచ్చుకున్నారు. ఆ పాట కోసం ఎండలో కూర్చున్నదాన్ని ఎవరడిగారు?

ఆ రోజు పొద్దున ఇంట్లో టేపు మీద సరిచూసుకున్న పాటనే గుంటూరు స్టూడియోలో రికార్డు చేసి తిరిగొస్తూ, బస్సులోనే గుండె పట్టేసి పోయాడు. ఆయన సంచిలో ఆ పాట క్యాసెట్ దొరికింది.

పదిహేను రోజులకు ఇంట్లో ప్రార్థన పెట్టి, మిట్టమధ్యాహ్నం, అందరి ముందూ దాన్ని వేశారు. రెండో చరణానికి ముందు గిటారు ఒక్కటే మోగుతోంది. అక్కడ దగ్గు వినపడింది. రెండు పొడి దగ్గులు, ఆగి ఒక పెద్దది. అందరూ నావైపు తిరిగారు. నేను నోట్లో కొంగు కుక్కుకుని కూర్చున్నాను.

వెంటనే ఆయన గొంతు, మెల్లగా: "పడనీలే."

గిటారు ఆగలేదు.

పొద్దున ఇంట్లో పడిన దగ్గేమో అన్నారు కొందరు. కానీ అది స్టూడియోలోనే కాగితం విప్పిన కొత్త క్యాసెట్ అట. స్టూడియో ఆయన తన టేపు నుంచి ఇంకో క్యాసెట్ ఎక్కించి తెచ్చాడు. అదే పాట. దగ్గు లేదు, మాట లేదు.

"ఆడమనిషి గడప కూడా తొక్కలేదమ్మా. పాట మధ్యలో మాట్లాడితే నేనూరుకుంటానా?" అన్నాడు.

పాస్టరుగారు ఆ దగ్గు చెరిపించి తెస్తానన్నారు. నేనివ్వలేదు.

పన్నెండేళ్ళ కాపురంలో ఆ ఒక్క మాట నా ముఖం చూసి అనలేకపోయాడు. ఇప్పుడు టేపులో అంటే నేనేం చేసుకోను? అయినా వింటూనే ఉన్నాను. అది అందులోకి ఎలా వచ్చిందో నాకు ఈనాటికీ తెలియదు.

కరుణా, చెబుతూ చెబుతూ మధ్యలో దగ్గాను కదా, అది రాశావా? రాయకపోతే రాయి. రాసి, మొదటినుంచీ ఒకసారి చదువు.