ఫాదర్‌కి మా నానమ్మ నేర్పిన తెలుగు

మా విశ్వవిద్యాలయం ప్రార్థనాలయం తలుపులు తీయగానే సాంబ్రాణి వాసన మా తెలుగు శాఖ వరండా దాకా వస్తుంది. ఆ వాసనకి నాకిప్పుడు ఏమీ అనిపించదు. చిన్నప్పుడు దానికోసమే పరుగెత్తేదాన్ని.

అప్పటికిది విశ్వవిద్యాలయం కాదు. చీపురుపల్లి దాటాక జీడితోటల్లో రెండు పెంకుటిళ్ళు, ఒక గంట, కేరళ నుంచి వచ్చిన ఫాదర్, అంతే. మాది ఏ మతమని అడిగినవాళ్ళు లేరు గానీ, గోళ్ళు మాత్రం రోజూ చూసేవారు. ఎండాకాలం జీడిపళ్ళ వగరు వాసన, వానాకాలం తడిసిన పెంకులు, క్రిస్మస్‌కి నానమ్మ వండి పంపే అరిసెలు, మా తొక్కుడుబిళ్ళ గీతలు చెరగకుండా కాళ్ళదాకా ఉండే తన అంగీ ఎత్తిపట్టుకుని పక్కనుంచి నడిచే ఫాదర్, ఇదే మా బడి.

ఆయన తెలుగు నేర్చుకున్నది మా పెరట్లో, సోడి అంబలి, అదే రాగి అంబలి, తాగుతూ. "ఏటి, సూడు, సెప్పు" అంటూ నానమ్మ యాసంతా పట్టేశారు. ఒకసారి, పెద్దవాళ్ళు వస్తే ఏమని పిలవాలని అడిగారు.

"బావా అను బాబూ, మురిసిపోతారు" అంది నానమ్మ. ఆవిడకి వేళాకోళం ఎక్కువ.

ఆ క్రిస్మస్‌కి బిషప్‌గారు వచ్చారు. ఫాదర్ దండ పట్టుకుని ఎదురెళ్ళి, "ఏటి బావా, ఇప్పుడేనా రావడం?" అన్నారు. ఊరంతా పగలబడి నవ్వింది. బిషప్‌గారు నవ్వలేదు.

ఎండలు ముదిరేసరికి ఫాదర్‌ని వేరే చోటికి మార్చేశారు. కారణం ఎవరూ చెప్పలేదు. "నా నోరే ఆ బాబు కొంప ముంచినాది" అని నానమ్మ ఏడ్చింది. ఎవరెంత సర్దిచెప్పినా వినలేదు. ఆ తర్వాత చదువుకున్నవాళ్ళెవరొచ్చినా పెరట్లోకి వెళ్ళిపోయేది. బడి హైస్కూలై, కాలేజీ అయింది. నేను డిగ్రీలో చేరాక నాతోనూ మాటలు తగ్గించేసింది. అన్నం పెట్టి పక్కన కూర్చునేది. ఆవిడ పోయిన రోజున నాకు ఏడుపు రాలేదు. ఎందుకో ఇప్పటికీ తెలీదు.

పెంకుటిళ్ళ చోట ఇప్పుడు అద్దాల భవనం ఉంది. మొన్న మా విద్యార్థులు ఈ ప్రాంతపు యాసను రికార్డు చేస్తూ నా దగ్గరికొచ్చారు. "మీరిక్కడివారే కదా మేడం, ఇంట్లో మాట్లాడినట్టు మాట్లాడండి" అని ఒకమ్మాయి ఫోను ముందు పెట్టింది. నోరు తెరిచాను. వచ్చిందంతా క్లాసులో చెప్పే తెలుగే. ఆ పిల్ల కాసేపు ఓపిగ్గా విని ఫోను ఆపేసింది.

"మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరైనా ఉన్నారా మేడం?" అని అడిగింది.

లేరన్నాను.